వేలీ ఫోర్జ్ కవాతు మాస్టారు

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి కింగ్ ఆఫ్ ప్రష్యా అంటే ముందు గుర్తొచ్చేది షాపింగ్ మాల్. ఇండియా నుంచి చుట్టాలొస్తే ఒక రోజు లిబర్టీ బెల్, ఒక రోజు ఈ మాల్. అప్పటికీ టైము మిగిలితే, పక్కనే ఉంది కదా అని వేలీ ఫోర్జ్ పార్కు. అక్కడ చిన్న చిన్న దుంగల గుడిసెలు, నాలుగు ఫిరంగులు, బోలెడంత పచ్చిక. "యుద్ధం ఇక్కడే జరిగిందా?" అని చుట్టాలు అడుగుతారు. జరగలేదు. ఒక్క యుద్ధం కూడా జరగని ఆ చోట ఆరు నెలల్లో సుమారు 2,000 మంది సైనికులు చచ్చిపోయారు. అందరూ రోగాలతోనే.

సంగతి ఇదీ. 1777 సెప్టెంబరులో ఇంగ్లీషు సైన్యం ఫిలడెల్ఫియాని పట్టుకుంది. డిసెంబరు 19న జార్జి వాషింగ్టన్ తన 12,000 మందినీ వెంటబెట్టుకుని, ఊరికి ఇరవై మైళ్ళ దూరంలో వేలీ ఫోర్జ్‌లో దిగాడు. పద్నాలుగడుగులకి పదహారడుగుల గుడిసెలు, ఒక్కోదాంట్లో పన్నెండుమంది. చలికి చచ్చారని మనం అనుకుంటాం గానీ, ఎక్కువమంది పోయింది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. మంచు కరిగాక. టైఫస్, టైఫాయిడ్, రక్త విరేచనాలు. ఎవరికి ఎక్కడ పని పడితే అక్కడే కూర్చునేవారు. చచ్చిన గుర్రాల్ని పూడ్చే నాథుడు లేడు. శుభ్రంగా ఉండమని వాషింగ్టన్ ఉత్తర్వు మీద ఉత్తర్వు జారీ చేస్తూనే ఉన్నాడు, వినే వాడు లేడు.

వీళ్ళు పిరికివాళ్ళు కారు. అప్పటికే రెండు మూడేళ్ళుగా పోరాడుతున్నవాళ్ళున్నారు వాళ్ళలో. కానీ నిన్నటిదాకా పొలం దున్నుకున్నవాడికి, చెప్పులు కుట్టుకున్నవాడికి, వేలమంది ఒక్కచోట బతకడం ఎలాగో తెలియదు. పల్లెలో నలభై ఎకరాలకి ఒక కొంప. అక్కడ చెట్టు చాటుకి వెళ్ళొస్తే ఎవరికీ నష్టం లేదు. పన్నెండు వేలమంది ఉన్నచోట అదే అలవాటు ప్రాణం తీస్తుంది.

ఫిబ్రవరి 23న అక్కడికి ఒక లావుపాటి జర్మన్ వచ్చాడు. పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ఫాన్ స్టూబెన్. 1730లో మాగ్డెబుర్గ్‌లో పుట్టినవాడు. వెంట అజోర్ అనే వేటకుక్క, పదిహేడేళ్ళ ఫ్రెంచి కుర్రాడొకడు సెక్రెటరీగా. చేతిలో పారిస్ నుంచి బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇచ్చిన సిఫార్సు ఉత్తరం. ప్రష్యా రాజుగారి దగ్గర లెఫ్టినెంట్ జనరల్‌గా చేశాడని అందులో ఉంది. నిజానికి ఆయన కెప్టెన్. అది కూడా పద్నాలుగేళ్ళ క్రితం ఊడిన ఉద్యోగం. ఆ తరవాత ఒక చిన్న సంస్థానంలో కొలువు చేసి, అప్పులపాలై, పని కోసం వెతుక్కుంటూ పారిస్ చేరాడు. రెజ్యూమేలో రెండేళ్ళ అనుభవం ఆరేళ్ళయిపోవడం మన కాలంలో, మన వాళ్ళతోనే మొదలైందనుకునేవారు కాస్త ఊరట చెందవచ్చు. అయితే ఈయనకి పని వచ్చు. ఇంగ్లీషు మాత్రం రాదు.

వచ్చిన కొత్తలో గుడిసె గుడిసెకీ తిరిగి చూశాడు. తుపాకులు తుప్పు పట్టి ఉన్నాయి. చాలామంది దగ్గర బాయొనెట్లు లేవు. ఉన్నవాళ్ళు వాటికి మాంసం గుచ్చి నిప్పుల మీద కాల్చుకుంటున్నారు. రెజిమెంటు అంటే ఇంతమంది అని లెక్కే లేదు. ఒకచోట ముప్ఫైమందితోనే రెజిమెంటు, ఇంకోచోట ఒకే ఒక్కడితో కంపెనీ. ఒక రాష్ట్రం వాళ్ళు ఇంగ్లీషు పద్ధతిలో, ఇంకో రాష్ట్రం వాళ్ళు ఫ్రెంచి పద్ధతిలో, మరొకరు ప్రష్యా పద్ధతిలో కవాతు చేసేవారు. దారిలో నడిచేటప్పుడు ఒకడి వెనక ఒకడు, చీమల బారులా. ఈ నడకని ఇంగ్లీషులో 'ఇండియన్ ఫైల్' అంటారు. (మనకేమీ సంబంధం లేదు, ఇక్కడి ఆదివాసుల్ని కొలంబస్ మన పేరుతో పిలిచిన పుణ్యం.) అలా నడిస్తే ముందువాడు యుద్ధభూమి చేరాక చివరివాడు రావడానికి గంటలు పడుతుంది. అందుకని నలుగురేసి పక్కపక్కన నడిపించడం మొదలుపెట్టాడు స్టూబెన్.

మొదట ఒక వందమందికి పైగా ఏరి, మార్చి 19న వాళ్ళతో పాఠం ప్రారంభించాడు. ముందు చేతిలో తుపాకీ లేకుండా, నిటారుగా నిలబడ్డం. తరవాత కుడికి తిరగడం, ఎడమకి తిరగడం. తరవాత నడక, ఒక్కో అడుగూ రెండడుగుల పొడవు, నిమిషానికి 75. తుపాకీ ఆ తరవాత. దాన్ని నింపి పేల్చడంలో ఉన్న అంగాల్ని తగ్గించి సులువు చేశాడు. ఈ వందమందికీ వచ్చాక వాళ్ళు వెళ్ళి మిగతావాళ్ళకి నేర్పాలి. రేపటి పాఠం ఇవాళ రాత్రి ఫ్రెంచిలో రాసేవాడు. ఫ్రెంచి కుర్రాడు ద్యుపోన్సో దాన్ని ఇంగ్లీషు చేసేవాడు. వాషింగ్టన్ దగ్గర పనిచేసే జాన్ లారెన్స్, అలెగ్జాండర్ హామిల్టన్ ఆ ఇంగ్లీషుని దిద్దేవారు. పొద్దున్నకి నకళ్ళు తయారు. అంటే ఆ సైన్యానికి పుస్తకం ఏ పూటకాపూట వండి వడ్డించారన్నమాట.

అక్కడి ఆఫీసర్లని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఆయన స్వయంగా తుపాకీ చేతబట్టి మామూలు సిపాయిల మధ్య నిలబడ్డం. ఇంగ్లీషు సంప్రదాయంలో అది సార్జెంట్ల పని, దొరలు దూరంగా గుర్రం మీద ఉంటారు. స్టూబెన్ ఆ దూరాన్ని తీసేశాడు. ఎవడైనా తప్పు తిరిగితే జర్మన్లో తిట్టి, చాలకపోతే ఫ్రెంచిలో తిట్టి, అదీ అర్థం కాలేదని తెలిశాక, వాకర్ అనే కెప్టెన్ని పిలిచి నా బదులు నువ్వు ఇంగ్లీషులో తిట్టవయ్యా అనేవాడని చెప్పుకుంటారు. సిపాయిలు పగలబడి నవ్వేవారట. నవ్వుతూనే నేర్చుకున్నారు.

ఇంకో వేడుక ద్యుపోన్సో ముసలితనంలో రాసిపెట్టాడు. కుర్ర ఆఫీసర్లకి స్టూబెన్ ఇంట్లో విందు. పంట్లాం చిరగనివాడికి ప్రవేశం లేదు!

నేర్పినవన్నీ మరుసటేడు పుస్తకమయ్యాయి. 1779 మార్చి 29న కాంగ్రెసు దానికి ఆమోదముద్ర వేసింది. కాగితం కరువుతో నీలం రంగు కాగితాన్ని అట్టగా వేయడంతో దానికి బ్లూ బుక్ అనే పేరు స్థిరపడింది. బొమ్మలు వేసినవాడు లాన్‌ఫాన్, తరవాత వాషింగ్టన్ నగరానికి ప్లాను గీసిన మనిషి. 1812 యుద్ధం దాకా ఈ దేశపు సైన్యానికి అదే పెద్దబాలశిక్ష.

ఆ పుస్తకంలో వ్యూహాల కన్నా నాకు నచ్చేది చివరి భాగం. మరుగుదొడ్ల గోతులు గుడారాల వరసకి మూడు వందల అడుగుల దూరంలో ఉండాలి. నాలుగు రోజులకోసారి పూడ్చి కొత్తవి తవ్వాలి, ఎండాకాలంలో ఇంకా ముందే. పక్కబట్టలు ఎండలో వేయాలి. కొత్తగా చేరినవాడు మొట్టమొదట నేర్చుకోవలసింది తుపాకీ కాల్చడం కాదు. బట్టలు కట్టుకోవడం, మోయడానికి వీలుగా సంచీ సర్దుకోవడం, ఆఫీసరు ఎదురైతే సలాం చేయడం, ఆయుధం తుడవడం, బట్టలుతుక్కోవడం, వంట చేసుకోవడం. చీకట్లో బట్టలు వేసుకోవడం అలవాటు చేసుకోవాలి, సంచీ చెయ్యి చాస్తే అందేచోట పెట్టుకోవాలి. అర్ధరాత్రి పిలుపొస్తే వెతుక్కునే టైముండదు కాబట్టి. కెప్టెనుకి రాసింది ఇంకా బాగుంటుంది. తన కంపెనీలో ప్రతివాడి పేరూ స్వభావమూ తెలిసుండాలి, జబ్బుపడినవాళ్ళని వెళ్ళి పలకరించాలి, ముందు వాళ్ళ ప్రేమ సంపాదించుకోవాలి. సైన్యం పుస్తకంలో ప్రేమ అనే మాట!

ఈ ధోరణి ఆయన ప్రష్యాలో నేర్చుకున్నది కాదనిపిస్తుంది. పాత మిత్రుడొకడికి రాసిన ఉత్తరంలో ఆయనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. మీ దేశంలో చెయ్యమంటే చేస్తారు, ఇక్కడ ఎందుకు చెయ్యాలో ముందు చెప్పాలి, అప్పుడు గానీ చెయ్యరని. కొందరు దీన్ని అమెరికా వాడి గొప్పగా చెబుతారు. నేను ఆ మాస్టారి గొప్ప అంటాను. ఎందుకని అడిగే శిష్యులు చాలామందికి దొరుకుతారు. జవాబు చెప్పే ఓపికే తక్కువమందికి ఉంటుంది.

1778 జూన్ 28న మాన్మత్ దగ్గర మండుటెండలో ఆ శిక్షణకి పరీక్ష జరిగింది. ముందు వెళ్ళిన దళం వెనక్కి వచ్చేస్తుంటే, వాషింగ్టన్ అక్కడే ఆపి వరస కట్టించాడు. కట్టగలిగారు, రోజంతా నిలబడ్డారు. ఎవరూ పూర్తిగా గెలవలేదు గానీ, ఆరు నెలల కిందట అయితే చెల్లాచెదురైపోయేవారే. ఏడాది తరవాత స్టోనీ పాయింట్ కోటని, తుపాకుల్లో మందు లేకుండా, ఒకప్పుడు మాంసం కాల్చుకున్న ఆ బాయొనెట్లతోనే అర్ధరాత్రి పట్టుకున్నారు.

సరిగ్గా ఆ కాలంలోనే భూగోళానికి అవతలివైపు మనవాళ్ళూ కవాతు నేర్చుకుంటున్నారు. కవాతు అనే మాట ఉర్దూ 'ఖవాయిద్' నుంచి వచ్చింది, నియమాలని అర్థం. పటాలం 'బెటాలియన్'కి మన నోట్లో పడిన రూపం. 1756 చివర క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకెళ్ళిన సైన్యంలో సుమారు 1,500 మంది సిపాయిలు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయికి 'తిలంగా' అనే పేరు పడింది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్, బీహారు సిపాయిల్ని కూడా అక్కడి జనం తిలంగాలనే అన్నారు. మన జాతి పేరు ఒక ఉద్యోగం పేరైపోయిందన్నమాట.

ఈ మద్రాసు సైన్యానికీ అడుగు వెయ్యడం, తుపాకీ నింపడం చక్కగానే వచ్చాయి. కానీ 1805 నవంబరులో పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. కవాతులో బొట్టూ నామాలూ ఉండకూడదు, గడ్డం గీయించాలి, మీసం అందరికీ ఒకే తీరులో ఉండాలి. ఆ తరవాత తోలు ముక్క ఉన్న కొత్త తలపాగా. ఎందుకో ఎవరూ చెప్పలేదు. 1806 మేలో రాయవేలూరులో తలపాగా పెట్టుకోమన్నవాళ్ళలో ఇద్దరికి తొమ్మిది వందల కొరడా దెబ్బలు వేశారు. జులై 10 తెల్లవారకముందే కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వందమందికి పైగా దొరల సైనికులు, పగలయ్యేసరికి కొన్ని వందలమంది సిపాయిలు చచ్చిపోయారు. తిరుగుబాటుకి వేరే కారణాలు లేకపోలేదు. టిప్పు సుల్తాను కొడుకులు అదే కోటలో బందీలుగా ఉన్నారు. కానీ నిప్పంటించింది తలపాగాయే.

అదే జులైలో హైదరాబాదు దగ్గర ఉన్న కంపెనీ సైన్యంలోనూ అదే గొణుగుడు మొదలైంది. అక్కడి సేనాధిపతి కర్నల్ మాంట్రెసర్ మద్రాసు అనుమతి కోసం ఎదురుచూడకుండా తలపాగా ఉత్తర్వుని తనంతట తాను రద్దు చేశాడు. అక్కడ తుపాకీ పేలలేదు. మరుసటేడు మద్రాసు గవర్నరు బెంటింకునీ, సర్వసేనాధిపతి క్రాడక్‌నీ లండను వెనక్కి పిలిపించుకుంది.