నీళ్లు వచ్చే వేళ, నీళ్లు పోయే వేళ: కణేకల్ చేపల వేట

కణేకల్ చెరువులో వేట ఎప్పుడు మొదలవ్వాలో చెప్పేది నెల కాదు, నీళ్లు. నీళ్లు వచ్చేటప్పుడు ఒక వేట, నీళ్లు ఇంకేటప్పుడు ఇంకో వేట. ఈ చెరువున్న ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా దీనికి పేరు. పక్కనే పారే వేదావతిని ఇక్కడివాళ్లు హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుకే. ఆ ఇసుక గాలికి లేచి బొమ్మనహాల్, కణేకల్ పొలాల మీద దిబ్బలు పోస్తుంది. ఇలాంటి సీమలో చేపల వేటకు చరిత్ర ఏముంటుందని కొట్టిపారేసేవాళ్లను చూశాను. నీటి చరిత్ర ఉన్న ప్రతిచోటా చేపల చరిత్ర ఉంటుంది. మన దగ్గర దాన్ని ఎవరూ సరిగా రాసిపెట్టలేదు, అంతే.

కెనడా, మిన్నెసోటా సరస్సుల్లో మంచు కరగ్గానే పైక్, వాలై అనే వేటచేపలు ఒడ్డుకు చేరి గుడ్లు పెడతాయి. అక్కడి జాలరులు ఏడాదంతా ఎదురుచూసేది ఆ వసంతం కోసమే. మన మెట్టసీమకు అలాంటి ఘడియ తొలకరి. కొత్త నీళ్లు చెరువులోకి దిగగానే ఇక్కడి వేటచేపలు రెండూ కదులుతాయి. ఒకటి వాలుగ. పొలుసు లేని ఒళ్లు, చెవుల దాకా చీలిన నోరు, లోపల సన్నటి పళ్ల వరసలు. మీటరు దాటి పెరుగుతుంది, రాత్రిపూట తిరుగుతుంది, వరద నీటికి ఎదురెక్కుతుంది. రెండోది కొర్రమీను. పైక్ లాగే నాచులో కదలకుండా పొంచి ఉండి ఒక్క ఉదుటున అందుకుంటుంది. దానికి గాలి పీల్చే అవయవం ఉంది కాబట్టి నీళ్లు ఇంకిపోయినా తడి బురదలో కొన్నాళ్లు బతికి ఉంటుంది. నన్నడిగితే కరవు సీమకు పుట్టిన చేప కొర్రమీనే.

గాలం వేటకు దక్కనులో ఎంత పాత ఆనవాలు ఉందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దం మొదటి భాగంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉంది. అందులో సుమారు 35 రకాల చేపల ప్రస్తావన ఉంది. పొలుసున్నవి, పొలుసు లేనివి అనే విభజన, ఏ చేపకు ఏ మేత వేసి మచ్చిక చేయాలి, దారం ఎలా ఉండాలి, గాలం ఎలా ఉండాలి, అన్నీ ఉన్నాయి. శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాని మీద వ్యాసం రాసేదాకా ఈ సంగతి పండితుల అల్మారాల్లోనే ఉండిపోయింది. రాజు వినోదం కోసం గాలం వేశాడు, కట్ట మీద కూర్చున్నవాడు కూర కోసం వేశాడు. పనితనం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆ తర్వాత చెరువుల యుగం. కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం (1369) మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండని, దోషాలు ఆరని లెక్క చెబుతుంది. చేపల ఊసు అందులో లేదు. కట్ట కట్టించినవాడి చూపు వరి మీద ఉంటుంది కాబట్టి అది సహజమే. అయితే తమిళదేశపు శాసనాల్లో చెరువు చేపల గుత్త సొమ్మును పూడిక తీతకు కేటాయించిన దాఖలాలున్నాయి. చేప సొమ్ము చెరువుకే చేరాలన్న ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవలను చూసి రాశాడు. వెదురు అల్లిక, పైన తోలు. మనం పుట్టి అనేది, హరిగోలు అనేది అదే. తోలు పోయి ప్లాస్టిక్ పట్టాలు, ఫైబర్ వచ్చినా ఆకారం మారలేదు.

ఇంగ్లీషువాళ్ల కాలంలో చేపకు కాగితం పుట్టింది. ఫ్రాన్సిస్ డే 1873లో మంచినీటి చేపల వేట మీద నివేదిక ఇచ్చాడు. 1875–78 మధ్య వెలువడిన తన పెద్ద గ్రంథంలో చేపల తెలుగు పేర్లు కూడా చేర్చాడు. మద్రాసు సివిల్ ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1887లో చెరువుల్లో గాలం వేట మీదే ఒక పుస్తకం రాశాడు. విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు పట్టడాన్ని 1897 మత్స్య చట్టం నిషేధించింది. పదేళ్లకు ఫ్రెడరిక్ నికల్సన్ చేతుల మీదుగా మద్రాసు మత్స్యశాఖ మొదలైంది. అప్పట్లో కణేకల్ బళ్లారి జిల్లా రాయదుర్గం తాలూకాలో భాగం. అనంతపురం జిల్లాలోకి వచ్చింది 1953లోనే.

చేపను నిజంగా దెబ్బతీసింది, నిలబెట్టింది కూడా ఆనకట్టలే. వేదావతి ఎగువన మైసూరు ప్రభుత్వం 1907లో మారికణివె ఆనకట్ట పూర్తిచేసింది. వాణీవిలాస సాగరం అదే. అది 1933లో ఒకసారి పొంగింది, మళ్లీ పొంగింది 2022లో. ఎగువన చెరువులూ ఆనకట్టలూ పెరిగేకొద్దీ దిగువన హగరి ఇసుకకు అలవాటుపడింది. మన పక్క భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చాక మిగిలిన వరదకూ అడ్డు పడింది. వరదకు ఎదురెక్కే వాలుగకు నది దారి మూసుకుపోయింది.

ఇంకో దారి తుంగభద్ర ఎగువ కాలువ తెరిచింది. హోస్పేట దగ్గర నుంచి 105 కిలోమీటర్లు నడిచి బొమ్మనహాల్ దగ్గర మన రాష్ట్రంలో అడుగుపెట్టే ఈ హెచ్చెల్సీలో ఆంధ్ర వాటా 32.5 టీఎంసీలు. ఆ నీళ్లు కణేకల్ చెరువుకు చేరుతాయి. చెరువు కింద వరి పచ్చబడింది. వేట కాలమూ మారిపోయింది. అంతకుముందు ఇక్కడ వాన పడితే చేప కదిలేది. ఇప్పుడు ఎక్కడో మలెనాడులో వాన పడి, డ్యాం నిండి, అధికారులు గేటు ఎత్తితే కదులుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడ రైతుతో పాటు వలవాడికీ గుండె జారింది అందుకే.

కాలువతో చేపజాతి కూడా మారింది. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో చేపకు గుడ్లు పెట్టించడంలో నెగ్గాక, బొచ్చె, శీలావతి పిల్లలను లెక్కలేనంతగా తయారుచేసుకునే వీలు కలిగింది. నిండిన చెరువులో పిల్లలు వదలడం, కాలువ కట్టేశాక వేసవిలో వలలు లాగడం, ఇదే పద్ధతిగా స్థిరపడింది. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా ఎవరూ వదలకుండానే చెరువుల్లో నిండిపోయింది. బెస్తలకు, సంఘాలకు బొచ్చె, శీలావతి ఆదాయం తెచ్చాయి. దాన్ని నేను తక్కువ చేయను. కానీ గుత్తకు తీసుకున్నవాడికి వేటచేప శత్రువు. వదిలిన పిల్లలను తినేస్తుందని వాలుగనూ కొర్రమీనునూ కనిపించినచోటల్లా ఏరిపారేస్తారు. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో వాలుగ ఇప్పుడు ముప్పున్న జాతి.

కొర్రమీను గాలం చూసినవాళ్లకు ఆ పనితనం తెలుస్తుంది. చిన్న కప్ప వీపు తోలుకు గాలం గుచ్చి, తామరాకుల మీద ఎగిరెగిరి పడేలా దారం ఆడిస్తారు. కింద నీళ్లు ఒక్కసారి ఉబ్బుతాయి. వెంటనే లాగితే కప్ప ఒక్కటే తిరిగి వస్తుంది. దారం పక్కకు సాగి బిగిసేదాకా ఆగాలి. అదే గట్టువారన ఎర్రటి పిల్లల గుంపు నీటిపైకి బుడగల్లా తేలుతూ కనబడితే, కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. వాటిని ఆ సమయంలో పట్టడం తేలిక, అందుకే పడతారు. గుంపంతా మిగతా చేపల నోట్లోకి పోతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేటకు విరామం ఉందని అందరికీ తెలుసు. మిన్నెసోటాలో వాలై గుడ్లు పెట్టే వసంతంలో వేట ఆపేసి మే నెల మధ్యలోనే మళ్లీ తెరుస్తారు. మన చెరువు మరవ పారగానే ఎదురెక్కే చేపకు అడ్డంగా వల కట్టేవాడిని మాత్రం ఎవరూ వారించరు. కొత్త నీళ్లు వచ్చిన తొలి రెండు మూడు వారాలు మరవ దగ్గరా, తూము దగ్గరా వల వేయకూడదని ఊరు నిర్ణయించుకుంటే చాలు, దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కాలువ నీళ్లు అందని చిన్న కుంటల్లో బొచ్చె పిల్లలు వదిలి ఎండాకాలం పోగొట్టుకునే బదులు, బురదకు ఓర్చుకునే కొర్రమీనును వదలొచ్చు. తెలంగాణ దాన్ని రాష్ట్ర చేపగా పెట్టుకుంది. బతికుండగానే సంతకు చేరే చేప కనుక ధరా బాగా పలుకుతుంది. ఆ కుంటల చేపల గుత్త సొమ్ములో కొంత, పాత శాసనాల పద్ధతిలో, కుంట పూడిక తీతకే ఖర్చుపెట్టాలని నా కోరిక.