పూస రంధ్రములో బూడిద

ఆవగింజకంటె కొంచెము పెద్దదైన యొక గాజుపూస గొట్టమునుండి తెగిపడినప్పుడు దాని రెండంచులును వ్రేలిని కోయునంత వాడిగానుండగా, ఆ అంచులను నునుపు చేయుటకు మన పూర్వులు సానరాయి పట్టలేదు, ఆకురాయితో రాయలేదు; వేలకొలది పూసలను సన్నగా జల్లించిన బూడిదలో వేసి, ఆ బూడిద ప్రతి పూస రంధ్రములోనికిని దూరునట్లుగా చేతులతో మర్దించి, కుండలో పోసి, రెండవసారి నిప్పుమీద నుంచి కలియబెట్టిరి. వేడికి అంచులు మెత్తబడి తమంతట తామే గుండ్రనయ్యెను. పూసకును పూసకును నడుమ బూడిద యుండుటచే అవి యొకదానికొకటి అంటుకొనలేదు. రంధ్రము నిండ బూడిదయే యుండుటచే అది పూడిపోలేదు. ఇంత చిన్న యుపాయము ఇంత పెద్ద చిక్కును తీర్చుట చూచి నాకు గలిగిన యానందమే ఈ వ్యాసమునకు కారణము.

ఈ విషయము నాకు మరింత హృద్యమగుటకు మరియొక హేతువు గలదు. మొయినాబాదు ప్రాంతమున ఎంకపల్లి దగ్గర తోటలో రేకుల కొట్టము వేసికొని అందులో చిన్న విద్యుత్ బట్టీ నిలిపి, గాజు పలకలను కరగించి పళ్లెములును గోడపలకలును చేయుచున్న మిత్రుడొకడు నాకు గలడు. బట్టీలోని అరమీద తెల్లని పొడిని నీళ్లలో కలిపి మెత్తని కుంచెతో పూతమీద పూత పూయుచు అతడొకనాడు, "ఏందన్నా, గాజు పనికంటె ఈ సున్నం పనే ఎక్కువైతున్నది. ఇది పుయ్యకుంటె ఏమైతది?" అని యడిగెను. పూయకున్న గాజు అరను కరచుకొనును. చల్లారునప్పుడు రెండును వేర్వేరు కొలతలలో ముడుచుకొనుటచే రెండును పగులును. ఆ తెల్లని పొడి సున్నము కాదు. చైనామట్టియు అల్యూమినా హైడ్రేటును కలిపిన మిశ్రమము. అది చేయు పనియు, పూస రంధ్రములోని బూడిద చేసిన పనియు ఒక్కటే: వేడిలో మెత్తబడిన గాజును తాను తాకవలసినదానిని తప్ప మరిదేనిని తాకనీయకుండుట. బట్టీలో రూపుదిద్దు గాజుపని పాశ్చాత్య కళాశాలలలో పుట్టిన నూతన విద్య యని తలచువారికి ఈ పోలికను చూపవలెననియే నా కోరిక.

గాజు మన దేశమునకు క్రొత్తది కాదు. శతపథ బ్రాహ్మణమున అశ్వమేధాశ్వము జూలునందును తోకయందును రాజపత్నులు కాచమణులను గ్రుచ్చు విధి చెప్పబడినది. కాని ఆ గౌరవము నిలువలేదు. పిమ్మటి నీతిగ్రంథములలో గాజునకు దక్కిన పాత్ర యొక్కటే: మణికి నకిలీగా నిలిచి అవమానింపబడుట. మూర్ఖునకును పండితునకును గల భేదమును చెప్పవలసి వచ్చినప్పుడెల్ల కవులు గాజును ముందుకు లాగి వెక్కిరించిరి. నాకిది మిక్కిలి బాధ కలిగించు విషయము. వజ్రమును పరీక్షించుటకు శాస్త్రములు వ్రాసిన జాతి, నేలలోని ఇసుకను నిప్పులో మణిగా మార్చిన చేతులను గూర్చి ఒక్క చిన్న పుస్తకమైనను వ్రాసి యుంచలేదు. ఆ విద్యను మనము నేడు తవ్వకములలో దొరకిన పెంకులనుండి చదువుకొనవలసి వచ్చినది.

ఆ తవ్వకములలో మనకు మిక్కిలి దగ్గరిది కొండాపురము. నేటి హైదరాబాదు నగరమున అంతస్తుల మేడలతో నిండిన కొండాపురము కాదు. సంగారెడ్డికి ఆవల కోటగడ్డ యని గ్రామస్థులు పిలుచు దిబ్బ గల కొండాపురము. ఎంకపల్లినుండి ఉదయమున బయలుదేరిన చూచి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. నిజాము ప్రభుత్వ పురావస్తుశాఖ గులాం యజ్దానీ యాజమాన్యమున 1940 ప్రాంతమున ఆ దిబ్బను తవ్వించి శాతవాహనుల కాలపు పట్టణమును బయటపెట్టెను. నాణెములు, మట్టిబొమ్మలు, పాత్రలు, వాటితోడ లెక్కకు మిక్కిలిగా పూసలు దొరకినవి. మోరేశ్వర గంగాధర దీక్షిత్ ఆ పూసలనే విషయముగా గైకొని వ్రాసిన గ్రంథము 1952లో హైదరాబాదునుండి వెలువడినది. ఆయనయే తరువాత 1969లో భారతీయ గాజుచరిత్రను సమగ్రముగా వ్రాసెను. కెంపురాతి పూసలను, స్ఫటికములను చూచి చకితులగువారు గాజుపూసల దగ్గర నిలువరు. నేను మాత్రము అక్కడనే నిలుతును.

ఏలయనగా ఆ గాజులో మన నేల కలదు. గాజునకు కావలసినవి మూడు: ఇసుక, దానిని తక్కువ వేడికే కరగించు క్షారము, కరగినదానిని నీటికి చెడకుండ నిలుపు సున్నము. రోమను పనివారు మధ్యధరా తీరపు ఇసుకను, ఈజిప్టు సరస్సుల నేట్రాన్ అను క్షారమును వాడిరి. దక్షిణాసియాలో ఇసుక చాలచోట్ల గ్రానైటు శిలలు అరిగి యేర్పడినది. క్షారము నేలమీద తెల్లగా పొంగు చౌడు. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ మూలమున మన గాజులో అల్యూమినా అధికము. రోమను గాజులో అది రెండు మూడు శాతములుండగా, మన ప్రాచీన పూసలలో పెక్కింట ఐదు మొదలుకొని పదికి పైబడియు నుండును. అల్యూమినా హెచ్చిన గాజు వేడిలో తొందరపడి జారిపోదు, నెమ్మదిగా సాగును, త్వరగా స్ఫటికములు కట్టి మసకబారదు. గొట్టముగా లాగుటకు ఇంతకంటె అనుకూలమైన గుణము మరియొకటి లేదు. రైతునకు పంట పండనీయని చౌడు, నాగటికి అడ్డుపడు బండ, ఈ రెండును కలిసియే ప్రపంచమంతటను అమ్ముడుపోయిన సరకైనవి.

ప్రపంచమంతట అనుట అతిశయోక్తి గాదు. పుదుచ్చేరికి దక్షిణముగా అరియాంకుప్పము నది యొడ్డున నున్న అరికమేడును 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు రోమను మట్టిపాత్రలు లోకమునకు వింత గొలిపినవి. అందరి దృష్టియు వాటిమీదనే నిలిచినది. అచ్చటనే మట్టిలో కుప్పలుగానున్న సన్నని గాజుగొట్టపు తునకలను, చెడిన పూసలను ఓపికతో పరిశీలించి, అది యొక మహా కర్మశాల యని నిరూపించినవాడు పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికను పండితుడు. తన జీవితమునంతయు పూసలకే ధారపోసి 2002లో కన్నుమూసిన ఆ మహనీయుడు, క్రీస్తుపూర్వపు శతాబ్దములనుండి ఈ పద్ధతిలో తయారై సముద్రములు దాటిన చిన్న పూసలకు ఇండో పసిఫిక్ పూసలని పేరు పెట్టెను. సింహళమున మంతై, థాయిలాండున క్లాంగ్ థోమ్, వియత్నామున ఓక్ ఇయో మున్నగు రేవులలో ఆ పనియే పిమ్మట సాగెను. క్రీ.శ. 523లో మరణించిన కొరియా రాజు మురియొంగ్ సమాధి 1971లో తెరువబడగా అందు వేలాది గాజుపూసలు బయల్పడినవి, వానిలో ఈ జాతివియు గలవు. దక్షిణాఫ్రికాలో లింపోపో నదీతీరమున మాపుంగుబ్వే గుట్టమీది సమాధులలోను దక్షిణాసియా గాజుపూసలు దొరకినవి. ఈ పూసల రంగులు ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలము, నలుపు. ఇటుకరంగు పూసలో రాగి కలదు; ఆ రాగి ఎరుపు చూపవలెనన్న కొలిమిలోనికి గాలి అదుపుతప్పి చొరరాదు, గాలి హెచ్చిన అదే రాగి ఆకుపచ్చకు తిరుగును. ఉష్ణమాపకము లేని దినములలో పొగను, మంట రంగును చూచియే దీనిని సాధించినవారిని నిరక్షరులని చెప్పుటకు నాకు నోరు రాదు.

రోమనులకు మన గాజుమీద గౌరవముండెను. విరిగిన స్ఫటికముతో చేయుదురు గనుక భారతీయుల గాజునకు సాటి లేదని ప్లీనీ తన ప్రకృతిచరిత్ర 36వ భాగమున వ్రాసెను. కాని ప్లీనీ కాలపు నావికుని పెరిప్లస్ గ్రంథములో భరుకచ్ఛమునకును ముచిరి రేవునకును పడమటినుండి ముడిగాజు దిగుమతియైన సంగతి గలదు. స్వదేశపు గాజు గలవారు పరదేశపు ముడిసరకును కొనుట విరుద్ధమేమియు కాదు. రంగును, పారదర్శకతను బట్టి సరకును ఎంచుకొనగల వ్యాపారము అప్పుడు మనకుండెనని నేను గ్రహించుచున్నాను.

తరువాతి శతాబ్దములలో జాడలు పలుచబడును. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో చందనము, కర్పూరము, ముత్యములు, పగడములు, పట్టు, మిరియములు సుంకములతో సహా స్పష్టముగా చెక్కబడినవి. గాజుపూసల ఊసు వినబడదు. 1800లో మైసూరు రాజ్యమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్ ముత్తోడు గ్రామమున చౌడుమట్టినుండి గాజు కరగించి చేతిగాజులు చేయువారిని చూచి వివరముగా వ్రాసెను. మన యింటి ఆడపడుచుల సీమంతమునకు, పెండ్లికి గాజులు తొడిగి దీవెనలు పలికిన గాజులవాడు ప్రతి వీధికిని తెలిసినవాడే. ఆ గాజును కరగించినవాడు మాత్రము ఎవ్వరికిని తెలియనివాడయ్యెను.

తెలియనివాడు నశించెనని తలచితిమేని పొరపాటు. తిరుపతి జిల్లాలో రేణిగుంటకు శ్రీకాళహస్తికి నడుమ, ఏర్పేడు మండలమున పాపానాయుడుపేట కలదు. అరికమేటి పనివారి పద్ధతితో ఆ యూర పూసలు తయారగుచున్న సంగతి పండితులకు ఆలస్యముగా తెలిసినది. 1987లో మరియాన్ స్టెర్న్ వ్రాసిన వ్యాసపు శీర్షికయే పాపానాయుడుపేట రహస్యమని. లాడ యను పొడవైన బోలు ఇనుపగొట్టము చివర మెత్తని గాజును ముద్దపై ముద్దగా చేర్చి, శంకువుగా దిద్ది, లోపల బోలు నిలుచునట్లు ఇనుపకడ్డీతో పొడిచి, కొలిమిలో నుంచెదరు. ఎదుటి కిటికీవద్ద కూర్చుండిన పెద్దపనివాడు కొక్కెముతో శంకువు మొనను పట్టి యీడ్చును. తీగపాకమువలె సాగి వచ్చు ఆ గాజు తన నడిమి బోలును విడువక సన్నని గొట్టమగును. దానిని అతడు చేయి మార్చి చేయి, గంటలతరబడి, ఒకే లావున లాగుచుండును. అతని చేయి త్వరపడిన గొట్టము సన్నగిలును, ఆలసించిన లావగును. పూస పరిమాణమంతయు ఆ చేతి వేగములోనే యున్నది. గొట్టములను తునుకలుగా విరిచి, నిలువుగా నాటిన ఉలిమీద కట్టలుగా నుంచి కత్తితో కొట్టి పూసలుగా కోసి, అటుపిమ్మట బూడిద, కుండ, రెండవ వేడి. చల్లారిన పూసలను జల్లించిన పిమ్మట స్త్రీలు విసనకర్రవలె విప్పిన సన్నని తీగలను పూసలలో ముంచి ముంచి గ్రుచ్చెదరు.

ఈ రెండవ వేడిలో జరుగునదే నేటి బట్టీవిద్యకు ప్రాణము. మెత్తబడిన గాజు తన పైతలమును వీలైనంత తగ్గించుకొనజూచును. అందుచే అంచులు గుండ్రనగును. పెద్ద పలకలలో ఆ శక్తియే గాజును సుమారు 6 మిల్లీమీటర్ల మందమునకు లాగును. 3 మిల్లీమీటర్ల పలకను ఒంటరిగా పూర్తిగా కరగించిన అది చుట్టును ముడుచుకొని అంచులలో లావెక్కును. రెండు పలకలు పేర్చిన చెక్కుచెదరక నిలుచును. ఎంకపల్లి మిత్రుని తొలి పళ్లెములు వంకరపోవుటకు కారణమిదియే. బూడిదనే అరమీద చల్లవచ్చునా యని అతడడిగెను. వలదంటిని. బూడిదలో పొటాషు, సున్నము గలవు. అవి గాజును కరగించు వస్తువులే. అంచులు మాత్రమే గుండ్రనగునట్టి వేడిలో బూడిద తోడుగానుండును, పలకలు ఏకమగు 800 డిగ్రీల దగ్గర దీర్ఘకాలముంచిన అదియే గాజును పట్టుకొనును. పాపానాయుడుపేటవారు ఎంత వేడిదగ్గర ఆగవలెనో ఎరిగియే ఆగిరి.

ఇక పాశ్చాత్యుల సంగతి: 19వ శతాబ్దపు తుదిభాగమున ఫ్రాన్సులో ఆంరీ క్రో గాజుపొడిని అచ్చులలో కరగించు ప్రాచీన విద్యను తిరిగి లేపెను. 1974లో అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరమున పుట్టిన బుల్స్ఐ సంస్థ, ఒకదానితో నొకటి కరగి కలిసినను పగులని రంగుగాజులను తయారుచేసి అమ్మసాగెను. పగులుటకు కారణము వ్యాకోచభేదము. కనుక క్రొత్తగా మొదలుపెట్టువారు పాత సీసాలను పోగుచేసినప్పుడు ఒక సీసా ముక్కలను వేరొక సీసా ముక్కలతో కలుపరాదు. కిటికీగాజును రంగుగాజుతో కలుపరాదు. కుండలు కాల్చు బట్టీలో తీగలు ప్రక్కగోడలలోనుండును; పలకగాజునకు పైకప్పులో తీగలున్న బట్టీయే మేలు, వేడి వెడల్పంతటను సమముగా పడును. అచ్చులోనికి వంచుటకు 650 మొదలు 700 డిగ్రీలు చాలును. కిటికీగాజునకు అంతకంటె కొంత హెచ్చు. పూతపొడిని కలుపునప్పుడును, అరను గీకునప్పుడును ముక్కునకు మంచి మాస్కు తప్పనిసరి.

అన్నిటికంటె ముఖ్యమైనది చల్లార్చుట. రంగుగాజును 480, 520 డిగ్రీల నడుమను, కిటికీగాజును 550 దగ్గరను నిలిపి, లోపలి ఒత్తిడి తీరిన పిమ్మట మెల్లగా దింపవలెను. మందము రెట్టింపైన కాలము సుమారు నాలుగింతలగును. తోటలలో విద్యుత్తు ఎప్పుడు పోవునో ఎవ్వరును చెప్పలేరు. పోయినప్పుడు మూత తెరచి చూచుటయే ప్రమాదము. మంచి ఇటుకలతో కట్టిన బట్టీ తన వేడిని తానే మెల్లగా విడుచును, తెరువనిచో పలుచని పని చాలమట్టుకు దక్కును. విద్యుత్తు ఏ వేడివద్ద పోయెనో, ఎంతసేపటికి వచ్చెనో ఒక పుస్తకములో వ్రాసికొనుమని మిత్రునితో చెప్పితిని. గాజు ఎక్కడిది, మందమెంత, ఏ వేడివద్ద ఎంతసేపు నిలిపితివి, ఏ పూత పూసితివి, అన్నియు వ్రాయుమంటిని. "పగిలినవి గూడ రాయాల్నా అన్నా?" అని యతడడుగగా, వాటినే మొదట వ్రాయుమంటిని.