గడప దాటిన దస్తూరి

అందమైన ఆడవాళ్ల బొమ్మలు వేసిన చిత్రకారులు ఏ దేశంలోనైనా బోలెడుమంది. బొమ్మ పక్కనే ఆవిడ దస్తూరిని కూడా అచ్చువేయించాలన్న ఊహ ఎంతమందికి వస్తుంది చెప్పండి! జపానులో 1784లో ఒక పుస్తకం అలా వచ్చింది.

ఆ దేశంలో చేతిరాత పెద్ద కళ. కుంచె, సిరాకడ్డీ, సాన, కాగితం - ఈ నాలుగింటినీ చదువుల గదిలోని నలుగురు నేస్తాలంటారు. మసినీ జిగురునూ కలిపి ఎండబెట్టిన కడ్డీని, మనం గంధం తీసినట్టే, సాన మీద నీటిచుక్కలు వేసి అరగదీయాలి. ఆ సిరాలో కుంచె ముంచి గీసిన గీతను మళ్లీ దిద్దడానికి లేదు. కొత్త సంవత్సరం రెండోనాడు తొలిరాత రాయడం వాళ్లకో వేడుక. చేపల వ్యాపారం నుంచి చిత్రకళకు వచ్చిన హొక్కెయ్, 1820ల్లో ఒక కవుల బృందం కోసం ఈ నలుగురు నేస్తాల పేరిట చెక్క అచ్చు బొమ్మల వరసే వేశాడు. అచేతనమైన వస్తువులకు ఎంత మర్యాదో!

నా మనసు మాత్రం ఆ 1784 నాటి పుస్తకాన్ని వదలదు. యొషివరా కొత్త అందగత్తెల స్వదస్తూరి అద్దం - పేరుకు అర్థం ఇంచుమించు ఇదీ. ప్రచురించినవాడు త్సుతయా జూజబురో. బొమ్మలు వేసిన కితావొ మసనొబుకు అప్పటికి ఇరవై మూడేళ్లుంటాయేమో. తర్వాత సాంతో క్యోదెన్ అన్న పేరుతో గొప్ప రచయిత అయ్యాడు. మొత్తం ఏడు పెద్ద బొమ్మలు. ఒక్కోదాంట్లో ఇద్దరేసి అందగత్తెలు, చుట్టూ చెలికత్తెలు, పైన వాళ్ల దస్తూరిలో పద్యాలు.

యొషివరా అంటే ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, సర్కారు అనుమతితో నడిచిన వేశ్యావాటిక. చుట్టూ నీళ్ల కందకం, రాకపోకలకు ఒకే పెద్ద ద్వారం. అక్కడి ఆడవాళ్లకు ఆ ద్వారం దాటి వెళ్లే స్వేచ్ఛ లేదు. చాలామంది పేదరికం వల్ల పసితనంలోనే అమ్ముడుపోయిన పిల్లలు. వాళ్లలో చురుకైన వాళ్లకు రాత, కవిత్వం, సంగీతం నేర్పించేవారు. పిల్లల మీద ప్రేమతో అనుకునేరు! వచ్చే పెద్దమనుషులకు ఉత్తరాలు రాయాలి, దస్తూరి ముచ్చటగా ఉంటే మనిషి విలువ పెరుగుతుంది. ఆ మాటకొస్తే ఈ పుస్తకమూ వ్యాపార ప్రకటన లాంటిదే.

అయినా ఆ పిల్లల చేతికి అందినది చిన్న విద్య కాదు. వెయ్యేళ్ల కిందట మగవాళ్లు చైనా లిపిలో పాండిత్యం చూపిస్తుంటే, ఆడవాళ్లు సులువైన కనా అక్షరాల్లో రాసుకునేవారు. ఆ లిపికి "ఆడచేయి" అనే పేరొచ్చింది. మురసకి షికిబు గెంజి కథ రాసింది అందులోనే.

అచ్చు పద్ధతి తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. పల్చటి కాగితం మీది రాతను చెర్రీ చెక్క మీద బోర్లించి అతికిస్తారు. పనివాడు ఆ గీతల్ని మాత్రం ఉంచి, చుట్టూ ఉన్న చెక్కను కాగితంతో సహా తొలిచేస్తాడు. అసలు రాత అక్కడితో సరి! గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో అచ్చులో మాత్రం అలాగే నిలుస్తుంది.

ఇంతకీ ఆ స్త్రీలకు సొంతమైనదేమిటి? హనఒగి లాంటి గొప్ప పేర్లు ఆ ఇంటి ఆస్తి. ఒకామె వెళ్లిపోతే అదే పేరు ఇంకొకామెకు పెట్టేవారు. బొమ్మల్లో ముఖాలు చూద్దామా, అప్పటి పద్ధతి ప్రకారం అన్నీ ఒక్క పోలికే. వయ్యారమంతా పట్టుబట్టలది. పేరు తనది కాక, ముఖమూ తనది కాక, ఇక మిగిలింది ఆ నాలుగు వరసల రాతే!

1956లో చేసిన చట్టం 1958లో పూర్తిగా అమలై, యొషివరాలో చట్టబద్ధమైన వేశ్యావృత్తికి కాలం చెల్లింది. ఆ పుస్తకం ప్రతులు మాత్రం న్యూయార్కు, లండను మ్యూజియాల్లో భద్రంగా ఉన్నాయి. ద్వారం దాటలేని ఆడవాళ్ల చేతిరాత సముద్రాలు దాటింది. వాళ్ల అసలు పేర్లు అడిగితే మాత్రం ఆ పుస్తకం చెప్పదు.