చీకటి గదుల్లో మెరుపు: జేకబ్ రీస్ కెమెరా

జేకబ్ రీస్ 1849లో డెన్మార్క్‌లోని రీబె అనే పాత పట్టణంలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఇంటినిండా పిల్లలు, రాబడి అంతంత మాత్రం. తండ్రి కొడుకును చదివించాలనుకుంటే, కొడుకు కోపెన్‌హేగన్ వెళ్లి వడ్రంగం నేర్చుకున్నాడు. మనసుపడిన అమ్మాయి కాదంది, ఊళ్లో పనీ దొరకలేదు. 1870లో ఓడెక్కి న్యూయార్క్‌లో దిగాడు. మిత్రులు చందాలు వేసుకుని ఇచ్చిన 40 డాలర్లలో సగం పెట్టి ముందుగా ఒక రివాల్వర్ కొన్నాడు. ఆయుధం లేకుండా అమెరికాలో అడుగు వేయలేమని అతని భయం.

రివాల్వర్‌తో అవసరం పడలేదు కానీ కూడూ గూడూ కరువయ్యాయి. వడ్రంగం, బొగ్గు గని, ఇటుకల పని, ఇస్త్రీపెట్టెల అమ్మకం, ఏది దొరికితే అది చేశాడు. ఆ రోజుల్లో నిలువ నీడ లేనివాళ్లకు పోలీసు స్టేషన్లలోనే రాత్రి తలదాచుకునే గదులుండేవి. ఒక వానరాత్రి అలాంటి గదిలో పడుకుంటే, మెడలోని లాకెట్టును ఎవరో కాజేశారు. ఫిర్యాదు చేయబోతే దొంగవు నువ్వేనంటూ బయటికి గెంటారు. అతని వెంట పడి వచ్చిన వీధికుక్కను ఒక పోలీసు అక్కడే కొట్టి చంపాడు. రీస్ ఇది మరిచిపోలేదు.

1877లో అతను ‘ట్రిబ్యూన్’ పత్రికలో పోలీసు వార్తల విలేకరి అయ్యాడు. ఆఫీసు మల్బరీ వీధిలో, పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా. అక్కడికి నాలుగు అడుగుల్లోనే మల్బరీ బెండ్ మురికివాడ. గాలీ వెలుతురూ చొరని అద్దె గదుల్లో ఇటలీ, ఐర్లండ్, తూర్పు ఐరోపాల నుంచి వచ్చినవాళ్లు కిక్కిరిసి బతికేవారు. ఆరోగ్య తనిఖీకి వెళ్లే పోలీసుల వెంట అర్ధరాత్రి దాటాక తిరుగుతూ చూసింది చూసినట్టు రాశాడు. ఎవరూ కదల్లేదు. బొమ్మ గీసి చూపిద్దామంటే అతనికి చెయ్యి తిరగదు. కెమెరా పట్టుకుపోదామంటే ఆ గదుల్లో పగలు కూడా చీకటే.

దారి జర్మనీ నుంచి దొరికింది. మెగ్నీషియం పొడిలో మరికొన్ని రసాయనాలు కలిపి వెలిగిస్తే రెప్పపాటు కాలం పట్టపగలంత వెలుగు వస్తుందని అక్కడి ఇద్దరు పరిశోధకులు 1887లో చూపించారు. ఆ కబురు పత్రికలో చదివిన కొద్ది రోజులకే రీస్ ముగ్గురు ఔత్సాహిక ఫొటోగ్రాఫర్లను వెంటేసుకుని మురికివాడల్లో దిగాడు. మొదట ఆ పొడిని తూటాల్లో నింపి పిస్తోలుతో పేల్చేవారు. నడిరేయి కొత్త మనుషులు తుపాకీ పట్టుకుని గదిలో చొరబడితే ఏమవుతుంది? జనం కిటికీల్లోంచి దూకి పారిపోయారు. అప్పుడు పిస్తోలు మానేసి వంటింటి పెనం మీద పొడి పోసి వెలిగించడం మొదలుపెట్టాడు. ఒకసారి గుడ్డి బిచ్చగాళ్లను ఫొటో తీస్తుండగా గోడకున్న కాగితాలూ గుడ్డలూ అంటుకున్నాయి. మంటను ఎలాగో ఆర్పి, వణుకుతూ బయటపడి ఒక పోలీసుకు చెబితే అతను నవ్వాడు. ఆ ఇంటి గోడల మీద మట్టి ఎంత మందంగా పేరుకుందంటే మంట దానికదే ఆరిపోతుందట!

మిత్రులకు ఈ రాత్రి తిరుగుళ్ల మీద మోజు తీరింది. 1888 జనవరిలో రీస్ 25 డాలర్లతో సొంత కెమెరా కొన్నాడు. చేతకాని ఫొటోగ్రాఫర్‌నని ఆత్మకథలో తానే రాసుకున్నాడు. దిక్కులేని శవాలను పూడ్చే చోట తీసిన తొలి ఫొటోలోనే గాజు ప్లేటుకు వెలుతురు మితిమీరి తగిలింది. పనితనం కోసం అతను ఫొటో తీయలేదు. కోర్టులో సాక్ష్యం పెట్టినట్టు పెట్టడానికి తీశాడు. బేయార్డ్ వీధి గదిలో 1889లో తీసినదాన్ని చూస్తే ఇది తెలుస్తుంది. నాలుగు వైపులా 13 అడుగులు కూడా లేని గది. అందులో ఆడా మగా 12 మంది, మనిషికి 5 సెంట్ల అద్దె. బల్లల మీదా నేల మీదా పడుకున్నవాళ్లు వెలుగుకు ఉలిక్కిపడి నిద్రమత్తులో చూస్తున్నారు. చుట్టూ మూటలూ సామానూ. కూర్పు ఆలోచించే వ్యవధి అతనికి లేదు. ఆ అస్తవ్యస్తమే ఫొటోకు బలమైంది. అయితే అన్నీ ఇలా దొరికినవి కావు. వీధిపిల్లలు నిద్రపోతున్న కొన్ని దృశ్యాలు పట్టపగలు పడుకోబెట్టి తీసినవి.

ఈ ఫొటోలను మేజిక్ లాంతరు స్లైడ్లుగా మార్చి చర్చిల్లో, సభల్లో తెరమీద వేసి ఉపన్యాసాలిచ్చాడు. 1890లో ‘హౌ ది అదర్ హాఫ్ లివ్స్’ పుస్తకం వచ్చింది. అందులో 17 బొమ్మలు హాఫ్‌టోన్ పద్ధతిలో నేరుగా ఫొటోల నుంచే అచ్చయ్యాయి. మిగతావి చూసి గీయించినవి. మరుసటి ఏడాది నగరానికి తాగునీరిచ్చే వాగుల్లో మురుగు కలిసే చోట్లకు కెమెరా మోసుకెళ్లి, ఫొటోలు పత్రికలో వేయించాడు. 1895లో పోలీసు బోర్డు అధ్యక్షుడైన థియోడర్ రూజ్‌వెల్ట్ అతనికి ఆప్తమిత్రుడు. స్టేషన్లలోని ఆ రాత్రి గదులు 1896లో మూతపడ్డాయి. 1897లో మల్బరీ బెండ్ స్థానంలో పార్కు తెరిచారు. పడగొట్టిన ఇళ్లలోని పేదలు ఎక్కడికి పోవాలన్నది మాత్రం తేలని ప్రశ్నగానే మిగిలింది.

తానూ వలసవాడే అయినా రీస్ అందరినీ ఒకే కంటితో చూడలేదు. చైనీయుల గురించి, యూదుల గురించి, ఇటాలియన్ల గురించి అతను రాసిన మాటల్లో ఆనాటి తెల్లవారి చులకన అడుగడుగునా కనిపిస్తుంది. అనుమతి అడగకుండా నిద్రలో ఉన్నవారి మీద మెరుపు పేల్చడం తప్పని అతనికి తోచినట్టు లేదు.

1914లో రీస్ చనిపోయేటప్పటికి జనం అతన్ని సంస్కర్తగా, రచయితగానే ఎరుగుదురు. ఫొటోలను అందరూ మరిచిపోయారు. 1940లలో అలెగ్జాండర్ ఆలండ్ అనే ఫొటోగ్రాఫర్, అతనూ రష్యా నుంచి వలస వచ్చినవాడే, వెతికి వెతికి రీస్ కుటుంబం పాత ఇంటి అటక మీది గాజు నెగెటివ్‌లను వెలికి తీయించాడు. అవి న్యూయార్క్ నగర మ్యూజియానికి చేరాయి. ఆలండ్ వాటి నుంచి కొత్తగా ముద్రించిన ప్రతులతో 1947లో ప్రదర్శన జరిగింది. రీస్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ‘బాండిట్స్ రూస్ట్’ సహా తొలి ఫొటోల్లో కొన్నిటిని ఆ రాత్రుల్లో వెంట వెళ్లిన మిత్రులే తీశారని పరిశోధకులు తర్వాత తేల్చారు.