తపాలా బిళ్లలపై క్రీడలు

లెక్కలు వ్రాసి వ్రాసి, తారీఖు గల కాగితము నేదియు పాఱవేయజాలని స్వభావము నాకలవడినది. క్రీడల తపాలాబిళ్లలు కూర్చుటయు నందుచేతనే. ఇవి 1896లో, ఏథెన్సు ఒలింపిక్ క్రీడల సందర్భమున, గ్రీసుదేశమున మొదలైనవి. మన దేశమున 1951లో ఢిల్లీ నగరమున జరిగిన తొలి ఆసియా క్రీడలకు రెండణాల, పన్నెండణాల బిళ్లలు వెలువడినవి. వానిపై కాగడాయు ఆసియా పటమునే కాని క్రీడాకారుని రూపము లేదు. నాగపురమున తెలుగింట జన్మించి, 1932లో లార్డ్స్ మైదానమున మన తొలి టెస్టు జట్టును నడపిన సి. కె. నాయుడుగారి రూపము రెండు రూపాయల బిళ్లపై 1996లో గాని రాలేదు. వారు 1967లోనే గతించిరి. పని 1932లో, జమ 1996లో. నా లెక్కకు ఇది 64 ఏండ్ల బాకీ! ఆ బిళ్లను నేను తెలివిమాలి బంక పూసి పుస్తకమున నంటించితిని. కొవ్వూరు గోదావరి గట్టు చెమ్మకు ఆ ముఖము కాస్తయు చెడినది. మఱియొకటి సంపాదించి, బంక తగులనీయక, కవరుతోగూడ మన గ్రంథాలయమున కిచ్చితిని. అడిగినచో చూపుదురు.