కాళ్ళకు చుట్టుకొను పిల్లి

మన వేదాంత గ్రంథములలో రెండు న్యాయములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తానే తల్లిని కరచుకొని ఉండును; ఇది మర్కట కిశోర న్యాయము. పిల్లికూన ఏ ప్రయత్నమును చేయదు. తల్లియే దానిని మెడ వెనుక పట్టి చోటు మార్చును. ఇది మార్జాల కిశోర న్యాయము. కాని నేడు ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో కొందరి ఇండ్లలోని పిల్లులు ఈ న్యాయమును తలక్రిందులు చేయుచున్నవి. అవి యజమానిని విడువక గది గదికి తిరుగును. స్నానాల గది తలుపు మూసినచో అరచును. తెల్లవారుజామున ముఖముపై పంజా వేసి లేపును. ఇంటివారు ఊరికి పోయినచో పరుపు పాడుచేయును.

విసిగినవారు చేయు పని అందరికిని తెలిసినదే. పిల్లిని గోనెసంచిలో కట్టి, కాలువ దాటించి, వదలి వచ్చుట. ఇంతకన్న మంచి మార్గము లేదా? ఉన్నది. అయితే ముందుగా ఈ జంతువు మన ఇంటికి ఎట్లు వచ్చినదో, దాని నడవడిని శాస్త్రజ్ఞులు ఎట్లు గ్రహించిరో తెలిసికొనవలెను.

గాదెల కాపరి

పెంపుడు పిల్లికి పూర్వీకుడు ఉత్తరాఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతపు అడవి పిల్లి. మానవుడు ధాన్యము పండించి నిలువ చేయ నారంభించిన పిదప ఎలుకలు చేరినవి. ఎలుకల వెంట పిల్లి వచ్చినది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 సంవత్సరముల నాటి ఒక మనుష్యుని సమాధి ప్రక్కనే పిల్లి అస్థిపంజరము బయటపడినట్లు ఫ్రెంచి పరిశోధకులు 2004లో ప్రకటించిరి. ఆ దీవిలో సహజముగా పిల్లులు లేవు. కనుక దానిని మనుష్యులే ఓడపై తెచ్చి ఉండవలెను. సింధులోని చన్హుదారోలో 1935–36 త్రవ్వకములందు పిల్లి, కుక్క అడుగుజాడలు పడిన ఇటుక ఒకటి దొరికినది.

మన ప్రాంతమునకు వత్తము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువనీరు పారి, గోదావరి డెల్టా వరిపొలములతో నిండినది. గాదెలు, పురులు పెరిగినవి. వానితో ఎలుకలును పందికొక్కులును పెరిగినవి. ఆనాటి పిల్లి ఇంటి జంతువే కాని, ఇంటిలో బంధింపబడిన జంతువు కాదు. పగలు అటకపై నిద్ర. రాత్రి గాదెల క్రింద వేట. కొల్లేటి లంక గ్రామములలోనైతే చేపలు కోయుచోట తలయో తోకయో దొరకకపోదు. మనిషి వెంట తిరుగుటకు దానికి తీరిక లేదు, అవసరము అంతకన్న లేదు.

క్రమముగా ధాన్యము ఇంటి గాదె విడిచి మిల్లులకును గిడ్డంగులకును చేరినది. మండువా ఇండ్లు పోయి మేడలు, అపార్టుమెంట్లు వచ్చినవి. పిల్లికి వృత్తి పోయినది. వృత్తికై పుట్టిన బుద్ధి మాత్రము పోలేదు. నాలుగు గోడల నడుమ ఆ బుద్ధికి దొరకిన ఒకే ఒక కదలు వస్తువు యజమాని!

ఎన్నటికిని కూనయే

పెద్ద పిల్లులు తమలో తాము 'మ్యావు' మని పలుకుట అరుదు. అది కూన తల్లిని పిలుచు పిలుపు. పెంపుడు పిల్లి పెద్దదైన పిమ్మటను ఆ పిలుపును మానక మనపై ప్రయోగించును. 1944లో మిల్‌డ్రెడ్ మోల్క్ అను పరిశోధకురాలు పిల్లి చేయు ధ్వనులను పదునారు రకములుగా విభజించినది. 1980 ప్రాంతములలో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయమున ఐలీన్ కార్ష్ చేసిన పరిశీలనల వలన, రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు మనుష్యుల చేతులలో పెరిగిన కూనలే మనుష్యులకు ఎక్కువ మచ్చికయగునని తేలినది.

2019లో ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు కూనలను యజమానితో రెండు నిమిషములు, ఒంటరిగా రెండు నిమిషములు, మరల యజమానితో రెండు నిమిషములు ఉంచి చూచిరి. నూటికి 64 వంతుల కూనలు యజమాని తిరిగి రాగానే ఊరడిల్లి, గది పరీక్షించుటలో మునిగినవి. మిగిలినవానిలో కొన్ని యజమానిని కరచుకొని విడువలేదు. కనుక అతిగా అంటిపెట్టుకొనుట ప్రేమ ఎక్కువగుటకు గుర్తు కాదు. నిశ్చింత తక్కువగుటకు గుర్తు.

పెట్టెలోని పిల్లి

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనకు తెలియనిది కాదు. కాగిన పాలలో ఒకమారు మూతి కాల్చుకొన్న పిల్లి, పాలగిన్నె చూచినంతనే పారిపోయెను. కథ కల్పితమే కావచ్చును. కాని అందలి సూత్రము సత్యము. పని యొక్క ఫలమే ఆ పని మరల జరుగునో లేదో నిర్ణయించును.

ఈ సూత్రమును ప్రయోగములతో చూపినవాడు అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ థారన్‌డైక్. 1898లో ప్రకటించిన ప్రయోగములలో అతడు ఆకలిగొన్న పిల్లిని కొయ్యపెట్టెలో పెట్టి, బయట చేపముక్క ఉంచెను. పిల్లి గీరి, కొరికి, పెనుగులాడి, యాదృచ్ఛికముగా గడియ తీసినది. మరల మరల పెట్టగా పట్టు కాలము క్రమముగా తగ్గినది. చేప నిచ్చిన కదలిక నిలిచినది, ఫలమీయనివి రాలిపోయినవి. దీనికి అతడు ఫలిత నియమమని పేరిడెను. తరువాత స్కిన్నర్ మొదలగువారు మరియొక విషయము కనుగొనిరి. ఎప్పుడో ఒకప్పుడు మాత్రమే లభించు ఫలము వలన ఏర్పడిన అలవాటు, నిత్యము లభించు ఫలము వలన ఏర్పడిన దానికన్న మొండిది.

ఇప్పుడు మన ఇంటికి రండు. పిల్లి తలుపు వద్ద పదిమార్లు అరచినది; మనము సహించితిమి. పదునొకండవమారు విసిగి తలుపు తీసితిమి. పెట్టె గడియ తెరచుకొన్నది! పదునొకండుమార్లు అరవవలెనని మనమే దానికి పాఠము చెప్పితిమి.

ఏమి చేయవలెను?

మొదట పశువైద్యునికి చూపవలెను. నెమ్మదిగా ఉండు పిల్లి ఉన్నట్టుండి అరచుటకు, అంటుకొని తిరుగుటకు నొప్పి, మూత్రవ్యాధి, ముసలి పిల్లులలో థైరాయిడ్ గ్రంథి దోషము కారణము కావచ్చును. ఎదకు వచ్చిన ఆడపిల్లియు అట్లే చేయును. దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్సయే మందు.

రోగము లేనిచో, పోయిన వృత్తిని కొంత తిరిగి ఇయ్యవలెను. దారమునకు ఈక కట్టి ఉదయము, రాత్రి పది నిమిషములు వేటాడించి, వెంటనే ఆహారము పెట్టవలెను. ఉప్పు లేక ఉడికించి ముల్లు తీసిన చేపముక్కలను ఇంటిలో అక్కడక్కడ దాచి వెదకించవచ్చును. పెద్ద పిల్లులలో పెక్కింటికి పాలు సరిగా అరుగవు. ఏలూరు తివాచీలకు పేరుపొందిన ఊరు. పిల్లికి గోళ్ళు గీరుకొనుటకు తివాచీ కన్న వేరు చోటు చూపుట మేలు. కొయ్యకు కొబ్బరితాడు చుట్టి నిలబెట్టిన చాలును. కిటికీ దగ్గర ఎత్తైన పీట ఒకటి వేసిన, అది మనలను విడిచి బయటి లోకమును చూచును.

అరచునపుడు పలుకరింపరాదు, తిట్టుటయు ఒక పలుకరింపే. నిశ్శబ్దముగా ఉన్నపుడు నిమురవలెను. మొదటి దినములలో అరుపు పెరుగును. అది ఓటమి కాదు, పాత అలవాటు చేయు చివరి ప్రయత్నము. అప్పుడు లొంగిపోయినచో అలవాటు ముదురును. గది విడిచి ఒక నిమిషము, ఐదు నిమిషములు, పదిహేను నిమిషములు వెలుపల ఉండి, వియోగమును కొద్దికొద్దిగా నేర్పవలెను. కొట్టుట వలన భయము పెరిగి, భయము వలన అంటుకొనుట పెరుగును.

ఇక గోనెసంచి మాట. ఆకలి దప్పుల పాలగునట్లు జంతువును తగిన కారణము లేక విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. కొల్లేరు 1999 నుండి వన్యప్రాణి రక్షితస్థలము. 2002 నుండి రామ్‌సార్ జాబితాలోని చిత్తడినేల. ఆ చెంత వదలిన పిల్లి అయితే ఆకలితో చచ్చును, కాకున్న పక్షి గూళ్ళ పాలిటి యమదూత యగును. ఎవరి చేతి అన్నము తినుట నేర్పితిమో దానిని వేటకు తోలుట న్యాయము కాదు.

విద్యార్థులు ఒక పని చేయవచ్చును. ఇంటి పిల్లి ప్రతిదినము తలుపు వద్ద ఎన్ని నిమిషములు అరచినదో నెల దినములు వ్రాసి, గ్రాఫు కాగితముపై గీయుడు. పై పద్ధతి తప్పక పాటించిన ఇంట రేఖ మొదట పైకి లేచి, పిదప దిగుటను చాలవరకు చూడగలరు. ఒక్కనాడు జాలిపడి తలుపు తీసినచో రేఖ ఏమగునో అదియు ఆ కాగితమే చెప్పును.