పెళుసు విడిచిన పోత ఇనుము

శ్రీకాళహస్తి యనగానే వాయులింగము, కలంకారీ గుర్తుకు వచ్చును. ఆ ఊరికి సమీపముననున్న రాచగున్నేరిలో ఇనుప గొట్టములు కూడ తయారగుచున్నవి. అచటి కర్మాగారము 2014లో శ్రీకాళహస్తి పైప్స్ అను పేరు పొంది, పిమ్మట ఎలక్ట్రోస్టీల్ కాస్టింగ్స్‌లో విలీనమైనది. ఈ గొట్టముల వెనుక మూడున్నర శతాబ్దముల చరిత్ర కలదు.

1664లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ వెర్సాయి తోటలకు నీరు తెచ్చుటకు పోత ఇనుప గొట్టములు వేయించెను. వానిలో కొన్ని మూడు వందల యేండ్లకు పైగా పనిచేసినవి. కాని పోత ఇనుము పెళుసు. కారణమేమి? అందలి కర్బనములో అధికభాగము గ్రాఫైటు రేకులుగా పేరుకొనును. దెబ్బ తగిలినపుడు బీట ఆ రేకుల వెంబడి ప్రాకును. నేల క్రుంగినను, పైన బరువు పడినను గొట్టము పగులవచ్చును. లోపల పారునది నీరైన వృథా యగును. గ్యాసైన ఇంటిల్లిపాదికి ప్రాణాపాయము.

1943లో అమెరికాలో కీత్ మిల్లిస్, యుద్ధకాలపు క్రోమియము కొరతకు ప్రత్యామ్నాయము వెదకుచు, కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియము కలిపి చూచెను. గ్రాఫైటు రేకులకు బదులు గుండ్రని పూసలుగా ఏర్పడెను. పూసల నడుమ బీట సులభముగా సాగదు. ఇనుము వెంటనే విరుగక కొంత వంగును. ఇదియే డక్టైల్ ఇనుము. దీనిని గిరగిర తిరుగు అచ్చులో పోసినచో లోహము అచ్చు గోడకు సమముగా హత్తుకొని గొట్టమగును.

మంచి లోహమొక్కటే చాలునా? చాలదు. నీరు, గ్యాసు, మురుగు పారు ఇట్టి గొట్టములకు మన దేశమున ఐ.ఎస్. 8329 అను ప్రమాణము కలదు. దాని ప్రకారము గొట్టములను కర్మాగారముననే నీటి పీడనముతో పరీక్షింపవలెను. మట్టి కప్పిన పిమ్మట గొట్టములోని లోపము కంటికి కనబడదు. కనుక దానిని ముందే పట్టుకొనవలెను.